జేబులో మిగిలింది

నవంబరు 19, మంగళవారం

పోయిన శుక్రవారం పొద్దున ప్రమీల బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసింది. బజ్జీలు నేను బజారు నుంచి తెచ్చాను. తింటూ తను రెండుసార్లు లేచి వాకిట్లోకి పోయి వచ్చింది. ఏమని అడిగితే ఉక్క అంది.

ఉతికిన చొక్కా ఇచ్చింది. విడిచిన చొక్కా జేబులోంచి, ప్యాంటు జేబుల్లోంచి తీసిన సామాను కిటికీ గట్టు మీద కుప్పగా పెట్టి ఉంది. పెన్ను, దువ్వెన, తాళాలు, పర్సు, పాత బస్సు టికెట్లు, మార్కెట్ యార్డు చీటీలు, నాణ్యం చూడటానికి పీకిన దూది. "నీ అంగడి సర్దుకో" అంది. రోజూ అనే మాటే.

మిల్లులో సీజను. పత్తి బండ్లు వరసగా వస్తున్నాయి. మధ్యాహ్నం కాకముందే పక్కింటి హులిగమ్మ ఫోను చేసింది. ప్రమీల కొళాయి దగ్గర పడిపోయిందని. ఆటోలో ఆదోని ఆసుపత్రికే తీసుకుపోయాం. గుండె అన్నారు. కర్నూలు పొమ్మన్నారు. అంబులెన్సులో తను, నేను, ఒక నర్సు. ఎమ్మిగనూరు దాటుతుంటే కళ్లు తెరిచి "యాడికి వచ్చినాం?" అంది. చెప్పాను. మూతి మీది ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి "అమ్మకు సెప్పొద్దు" అంది. సరే అన్నాను. కోడుమూరు చేరకముందే పోయింది. డ్రైవరు బండి పక్కకు ఆపి, ఇప్పుడు ఎటు పోవాలన్నాడు. వెనక్కి అన్నాను.

శనివారం ఆదోనిలోనే సమాధి చేశాం. మా అత్త దానమ్మ రాలేదు. ఆమె దీపావళి ముందు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ కత్తి వద్దని మొండికేసి నాటు కట్టు కట్టించుకుంది. ఎమ్మిగనూరులో కొడుకు ఇంట్లో మంచం మీద ఉంది. ఆమెకూ గుండె బలహీనమే. సమాధుల దగ్గర బావమరిది సామ్సన్ నన్ను పక్కకు పిలిచాడు.

"బావా, అమ్మకు ఇప్పుడే వద్దు. ఈ మాట ఇంటే పాణం పోతాది. అక్కకు గొంతు ఆపరేషన్ అయింది, డాక్టరు మాట్లాడొద్దన్నాడు అని సెప్పి వచ్చినా. నువ్వు గూడా అదే సెప్పు."

ప్రమీల చెప్పిందీ అదే. సరే అన్నాను.

నవంబరు 20, బుధవారం

ప్రమీల ఫోను నా జేబులోనే ఉంది. అంబులెన్సు ఎక్కేటప్పుడు హులిగమ్మ చేతిలో పెట్టింది. చార్జింగ్ పెట్టాను.

నవంబరు 22, శుక్రవారం

మధ్యాహ్నం ఆ ఫోను మోగింది. అత్త.

"రాజశేఖరా, పాప యాడ?"

"ఈడే ఉంది అత్తా. మాట్లాడకూడదు కదా."

"మాట్లాడొద్దులే. ఇనొద్దన్నాడా డాక్టరు? సెవులకేం రోగం? ఫోను దాని సెవికాడ పెట్టి నువ్వు అవతలికి పో."

కొంచెంసేపు ఫోను గాలిలో పట్టుకున్నాను. తరువాత నా చెవికే పెట్టుకున్నాను.

"పాపా."

గొంతు మారిపోయింది. నాతో మాట్లాడే గొంతు కాదు. పెళ్లయిన ఈ పద్దెనిమిదేళ్లలో ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

"ఇంటాండావా? ఇంటా ఉంటే ఫోను మీద ఏలితో కొట్టు. ఒకసారి కొడితే అవును. రెండుసార్లు కొడితే కాదు. సరేనా?"

పెట్టేసి ఉండొచ్చు. సిగ్నలు లేదనొచ్చు. గోరుతో ఒకసారి కొట్టాను.

"గట్టిగా కొట్టు మే. బువ్వ పెట్టలేదా మీ ఆయన?"

జేబులోంచి తాళంచెవి తీసి దానితో కొట్టాను.

ఆమె మాట్లాడుతూ పోయింది. కోడలు రూప సంగటి పలచగా చేస్తుందని. మంచం నవారు వదులైందని. కట్టు కట్టినాయన వారానికోసారి వచ్చి నూనె పోసి పోతాడే గానీ నొప్పి తగ్గలేదని. నేను కొడుతూ పోయాను.

సామ్సన్‌కు చెప్పాను. "భలే పని చేసినావు బావా. ఇంగ అనుమానమే రాదు" అన్నాడు.

నవంబరు 25, సోమవారం

మిల్లుకు పోయాను. గేటు దగ్గర కొత్త ప్లాస్టిక్ బుట్ట.

నేను లేనప్పుడు ఇంకో మిల్లులో నిప్పు లేచిందట. ఎవరి జేబులోంచో ఇనుప వస్తువు పత్తిలో పడి రోలర్లలోకి పోయి రవ్వ లేచిందని అంటున్నారు. మా సేటు రామకృష్ణయ్యగారికి భయం పట్టుకుంది. ఇంతకుముందు కూలీల జేబులు మాత్రమే చూసేవాళ్లం. చూసేది నేనే. ఇప్పుడు నాలాంటి సూపర్‌వైజర్లు కూడా గేటులోనే జేబులు ఖాళీ చేయాలి. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు షెడ్డులోకి ఫోను అసలే వద్దు.

వాచ్‌మన్ మాదన్న బుట్ట ముందుకు తోశాడు. "ఎయ్యి సారూ. ఇన్నేండ్లు మా జేబులు నువ్వు సూస్తివి. నీ జేబులో ఏముంటాదో సూడాలని మాకూ ఉండదా?"

వెనక వరసలో ఆడవాళ్లు నవ్వారు. వేయడం మొదలుపెట్టాను. పెన్నులు, దువ్వెన, పర్సు, తాళాల గుత్తి, టికెట్లు, చీటీలు.

"ఇంగా ఉండాయా?"

"అంగడి పెట్టొచ్చు" అంది వెనక నుంచి కూలి ఎస్తేరు. మళ్లీ నవ్వారు.

రెండు ఫోన్లు. అంబులెన్సు రసీదు. ఆడవాళ్ల క్లిప్పు. మడిచిన కళ్లజోడు. నర్సు కాగితంలో చుట్టి ఇచ్చిన గాజులు. కాగితం బుట్టలో విప్పుకుంది.

నవ్వు ఆగిపోయింది. మాదన్న బుట్టను తన వైపు తిప్పుకుని మీద తువ్వాలు కప్పాడు.

"సారూ, ఇయ్యి రేపటి నుంచి ఇంట్లో పెట్టి రా. ఈడ నూరు సేతులు తిరుగుతాయి" అన్నాడు మెల్లగా.

నవంబరు 26, మంగళవారం

జేబులు తగ్గిస్తున్నాను. నియమం కోసం.

క్లిప్పు, కళ్లజోడు, గాజులు బీరువాలో తన చీరల మీద పెట్టాను. టికెట్లు, చీటీలు పారేశాను. రసీదు పారేయడానికి తీసి మళ్లీ మడిచి పర్సులో పెట్టాను. పెన్నులు రెండు ఎందుకు, ఒకటి చాలు. దువ్వెన అక్కర్లేదు.

రెండు ఫోన్లూ ఉండాలి. అత్త కోసం.

నవంబరు 28, గురువారం

మధ్యాహ్నం అన్నం వేళకు గేటులో ఫోను తీసుకుని గింజల షెడ్డు వెనక్కి పోతున్నాను. ఆమె ఆ వేళకే చేస్తుంది. ఈరోజు కొంచెం ఆలస్యమైంది. టిఫిను డబ్బా తెరవకుండా కూర్చున్నాను.

"నీ మొగుడు ఎట్లుండాడు? సరిగ్గా సూసుకుంటాండాడా?"

ఒకసారి కొట్టాను.

"పలకడు గానీ మంచోడేలే. పెండ్లి సూపులకు వచ్చిన నాడు మతికుందా? సొక్కా జేబు ఇంత లావు ఉబ్బి ఉండె. ఏం దొంగిలించుకొచ్చినాడో అని నేను బయపడితి. నువ్వేమంటివి? జేబు నిండా పెట్టుకునేటోడు ఏదీ పారెయ్యడు మా, అంటివి. ఆ మాట మీదనే కదా నేను ఒప్పుకున్న్యా."

ఆమె నవ్వింది. నవ్వి దగ్గింది. ఒకసారి కొట్టాను. ఆమె ఏమీ అడగలేదు. అయినా కొట్టాను.

ఆ మాట ప్రమీల నాకు ఎప్పుడూ చెప్పలేదు.

నవంబరు 30, శనివారం

అత్త ఫోను చేయలేదు. ఆమెకు జ్వరమట, సామ్సన్ చెప్పాడు. సాయంత్రం దాకా ఫోను చేతిలోనే ఉంది.

డిసెంబరు 2, సోమవారం

చేయకూడని పని చేశాను. జ్వరం ఎలా ఉందో, ఏ వేళకు చేస్తుందో తెలియదు కదా అని ప్రమీల ఫోను మేజోడులో పెట్టుకుని షెడ్డులోకి పోయాను. బుట్టలో నా ఫోను, తాళాలు వేశాను. మాదన్న నమ్మాడు.

బయటికి వస్తుంటే గేటులో మోగింది.

మాదన్న నా కాలి వైపు చూశాడు. "సారూ, నీ కాలు పాట పాడతాండాది."

నేను కదల్లేదు. పాట ఆగింది. మళ్లీ మొదలైంది. అప్పుడు అతని ముఖం మారింది. నన్ను గేటు గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేశాడు.

"పోయిన సీజన్లో అగ్గిపెట్టె ఉందని ఈరేష్‌ను నువ్వే ఇంటికి పంపినావు. వాడి పెండ్లాం వచ్చి ఏడ్సినా ఇనలేదు. మంచిపనే చేసినావంటి నేను. ఇప్పుడేంది ఇది? ఎవురి ఫోను?"

"ప్రమీలది."

"పోయినామెకు ఎవురు చేస్తారు సారూ?"

వంగి మేజోడులోంచి ఫోను బయటికి తీశాను.

"లోపల ఆడోల్లు, మొగోల్లు పత్తిలో మునిగి పని చేస్తాండారు. నీ దుక్కం నాకు తెల్సు. దాన్ని తీస్కపోయి పత్తిలో పెట్టొద్దు. ఇంగోసారి తెస్తే సేటుకు సెప్తా. నన్ను తిట్టుకోవద్దు."

తిట్టుకోలేదు. అతను అన్నది నిజం.

డిసెంబరు 3, మంగళవారం

ఫోను బండి డిక్కీలో పెట్టి లోపలికి పోయాను. మధ్యాహ్నం తీసి చూస్తే తెర నిండా అత్త కాల్సు. అప్పుడే నా ఫోనుకు సామ్సన్.

"ఏమైంది బావా? అక్కకు ఏమో అయిందని అమ్మ ఒకటే ఏడుపు. బువ్వ ముట్టలేదు."

వెంటనే చేశాను. ఎత్తింది గానీ మాట లేదు. నేను తాళంచెవితో కొట్టాను. ఒకసారి. మళ్లీ ఒకసారి.

"బతికుండావా" అంది.

ఒకసారి.

డిసెంబరు 4, బుధవారం

"పాపా, సిన్నప్పుడు నిన్ను కుక్క కరిసింది. ఎడమ కాలే కదా?"

ఎందుకు అడిగిందో తెలియదు. నొప్పుల మందుల మత్తు కావచ్చు. అనుమానం కావచ్చు.

కుడికాలు. పిక్క వెనక. రెండు పళ్ల గుర్తు, కిందిది కొంచెం పొడుగు. పట్టీలు పెట్టుకునేటప్పుడు చీర అంచు పైకి జరిపితే కనపడేది.

రెండుసార్లు కొట్టాను.

"ఆఁ, కుడికాలు. ముసిల్దాన్ని, మతి తప్పుతాండాది" అంది.

చెమట పట్టిన చొక్కాతోనే షెడ్డులోకి పోయాను. భయమే. కానీ భయం ఒకటే కాదు. సరైన జవాబు చెప్పానని సంతోషం కూడా కలిగింది. ఇది రాయకుండా ఉంటే బాగుండేది.

డిసెంబరు 6, శుక్రవారం

జ్వరం తగ్గి అత్త గొంతు తేటగా ఉంది. ఆపరేషన్ చేసిన డాక్టరు మంచివాడేనా అని అడిగింది. ఒకసారి. నొప్పి ఉందా అని అడిగింది. రెండుసార్లు. తరువాత గొంతు తగ్గించింది.

"మీ ఆయన పక్కన ఉండాడా?"

రెండుసార్లు.

"ఆయాసం ఎట్లుండాది? ఆ సంగతి డాక్టరుకు సెప్పినావా?"

ఆయాసం. నాకేమీ అర్థం కాలేదు. తాళంచెవి ఫోను మీద ఆనించి ఊరికే ఉన్నాను.

"పాపా? సెప్పినావా, లేదా?"

రెండుసార్లు కొట్టాను.

"సెప్పలేదా! ఉగాదప్పుడు కదా నాతో అంటివి, బిందె ఎత్తితే ఎద పట్టేస్తాండాది మా అని. మీ ఆయనకు సెప్పొద్దంటివి. ఆయనకు సీజను, ఊరికే బయపడతాడు, మల్ల సూపించుకుంటా అంటివి. నువ్వు వద్దంటే నేను గమ్మునుంటి. ఎందుకు గమ్మునుంటినో నాకే తెల్దు. ఇప్పటికన్నా ఆయనకు సెప్పినావా?"

రెండుసార్లు.

"సెప్పు పాపా. మొగునికి కాక ఎవురికి సెప్తావు? తెలిస్తే కదా ఆయప్ప ఏమన్నా చేసేది. బుజాన ఏసుకోనైనా తీస్కపోతాడు నిన్ను. ఈ పొద్దే సెప్పు. సెప్తావా?"

ఒకసారి కొట్టాను.

డిసెంబరు 7, శనివారం

మిల్లుకు పోలేదు.

ఉగాది నుంచి.

కర్నూలు గుండె డాక్టరు వారానికోసారి ఆదోని వస్తాడు. ఆయన కూర్చునే మందుల అంగడి మా మిల్లుకు ఎదురుగానే.

డిసెంబరు 8, ఆదివారం

గుడికి పోలేదు. జేబులు మళ్లీ చూశాను. రసీదు పర్సులోంచి తీసి చింపేశాను. పర్సు కూడా వద్దు, బస్సు చార్జీకి, టీకి చిల్లర చాలు. పెన్ను మిల్లు టేబులు మీదే ఉంటుంది. ఇంటి తాళం హులిగమ్మకు ఇచ్చిపోతే సరి. నా ఫోను గేటులోనే వదిలేయొచ్చు, నాకు చేసేవాళ్లు ఎవరున్నారు?

బండి తాళంచెవి, ప్రమీల ఫోను. ఇవి రెండే మిగిలాయి. జేబు తేలికగా ఉంది. నడుస్తుంటే చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోతోంది.

డిసెంబరు 9, సోమవారం

అత్తకు వీపు మీద పుండు పడిందట. మొన్న సామ్సన్ ఆమెను కర్నూలు తీసుకుపోయి చూపించాడు. తుంటిలో ప్లేటు వేయాలి, ఇంకా ఆలస్యం చేస్తే ఇక లేవదు అన్నారు. గుండె బలహీనం కాబట్టి ఆపరేషన్‌లో ప్రమాదం ఉంది, చేయకపోతే అంతకంటే ప్రమాదం అన్నారు. ఆమె ఒప్పుకోలేదు.

మధ్యాహ్నం చేసింది.

"పాపా, నాకు కత్తి అంటే బయ్యం. మీ నాయనను లోపలికి తీస్కపోయిన నాడే సూసినా కదా. మల్ల మాట్లాడలే. సామ్సన్ సెప్పేది నేను నమ్మను, వాడు బయంతో సెప్తాడు. కోడలు ఇసుగుతో సెప్తాది. నీ మాట సెప్పు. పోవాల్నా?"

గింజల కుప్ప మీద కాకులు వాలి ఉన్నాయి. అటు చూస్తూ ఉన్నాను.

"నీకూ తోచకపోతే వద్దులే. ఇట్లే పండుకోనుంటా."

ఒకసారి కొట్టాను.

అటు మంచం కిర్రుమంది. తరువాత "సరే. నువ్వు సెప్పినాక ఇంగేముంది" అంది. "అయితే నువ్వు రావాల. నన్ను లోపలికి తీస్కపోయేముందు నువ్వు నా సెయ్యి పట్టుకోవాల. మాట్లాడకపోయినా పర్వాలే. వస్తావా?"

ఒకసారి కొట్టాను.

ఆపరేషన్ మంచిదే. డాక్టరు కూడా అదే అన్నాడు. ప్రమీల ఉన్నా అదే చెప్పేది.

ప్రమీల ఉన్నా అదే చెప్పేది.

డిసెంబరు 10, మంగళవారం

గురువారం పొద్దున ఎమ్మిగనూరు నుంచి కర్నూలుకు బండి మాట్లాడాడట సామ్సన్. అదే రోజు ఆపరేషన్. ఫోనులో అతని గొంతు ఉత్సాహంగా ఉంది.

"అమ్మ ఒప్పుకునింది బావా! నువ్వే ఒప్పించినావు. నీ రునం తీర్సుకోలేను."

"ప్రమీల వస్తుందని చెప్పాను రా. చెయ్యి పట్టుకుంటుందని."

"అది గూడా ఆలోచన చేసినా. ఆడ ముందుగానే సూది ఏస్తారు. మత్తులో ఉంటాది. అమ్మ కండ్లు ఎట్లా మసకే. రూప పోయి సెయ్యి పట్టుకుంటాది. మాట్లాడే పనిలేదు కదా. అక్క గాజులు నీ కాడనే ఉండాయి కదా? అయ్యి ఏసుకుంటే సాలు. అమ్మ తడిమితే గాజులే తగుల్తాయి. రేపు మాపటికి తెచ్చియ్యి."

"రూప ఒప్పుకుందా?"

"ఏడ్సింది. సేస్తా అనింది. అమ్మ బతకాలంటే ఏం సేస్తాం సెప్పు? లేసి తిరిగినాక మెల్లగా సెప్దాం."

సరే అన్నాను. అతను చెప్పిందాంట్లో తప్పేమీ కనపడలేదు. ఆమె బతకడం ముఖ్యం.

బీరువాలోంచి గాజులు తీసి కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. మళ్లీ బరువైంది.

డిసెంబరు 11, బుధవారం

గేటులో బుట్టలో గాజులు వేశాను. మాదన్న వాటిని చూసి, నన్ను చూసి, ఏమీ అనలేదు. సాయంత్రం ఎమ్మిగనూరు పోయి ఇచ్చి రావాలనే ఉంది అప్పటికి కూడా.

మధ్యాహ్నం అత్త చేసింది. సంతోషంగా ఉంది. రూప తలకు నూనె పెట్టి దువ్విందట. పాస్టరు వచ్చి ప్రార్థన చేసి పోయాడట. ఆయనకూ అన్నీ తెలుసు. ఆదోనిలో ప్రమీల సమాధి దగ్గర ప్రార్థన చేసిన పాస్టరు ఆయన తమ్ముడే.

"ఊరోల్లందరూ వచ్చి పోతాండారు పాపా. నందవరం నుంచి మీ సిన్నాయన గూడా వచ్చిన్నాడు. అందరూ నన్ను సూసి కండ్లనీల్లు పెట్టుకుంటారు. సచ్చేదానికి పోతాండానా, కాలు బాగు సేయించుకునేకి పోతాండానా అని నేనే నగుతాండా."

ఒకసారి కొట్టాను.

"ఇను. నేను బతక్కపోతే నీ మీద ఏసుకోవద్దు. నువ్వు సరే అన్నావని నేను పోయినా అనుకోవద్దు. నువ్వు ఏది సెప్పినా నా మంచికే."

కొట్టలేదు.

"పాపా."

ఒకసారి.

"ఒక మాట అడుగుతా. నా కాడ ఏమన్నా దాస్తాండావా?"

షెడ్డులో యంత్రాలు ఆగి ఉన్నాయి. అన్నం వేళ. ఆమె ఊపిరి వినపడుతోంది. తాళంచెవి చేతిలో ఉంది. రెండుసార్లు కొడితే అయిపోయేది. ఇన్ని రోజులూ ఎన్నిటికి కొట్టాను!

ఒకసారి కొట్టాను. రెండోది కొట్టలేదు.

అటువైపు ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. రూప కావచ్చు.

"నాకు తెల్సు, ఏదో ఉండాదని" అంది అత్త. "సిన్నప్పటి నుంచి నీకు అదే గుణం. సరే. ఫోనులో వద్దు. రేపు వచ్చి నా పక్కన కూసో. అప్పుడు సెప్పు."

పెట్టేసింది.

అన్నం తినలేదు. మధ్యాహ్నం నుంచి ఒకటే ఆలోచన. నాకు ఉగాదికే తెలిసి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు. బతికించగలిగేవాణ్ణో లేదో తెలియదు. కానీ ఏదో ఒకటి చేసేవాణ్ణి. ప్రమీల నా మేలు కోసమే దాచింది. తన తల్లి చేత కూడా దాచిపెట్టించింది. ఆ మేలు ఏమైందో ఈ ఇంట్లో కూర్చుని చూస్తున్నాను. అదే మేలు ఇప్పుడు నేను అత్తకు చేస్తున్నాను. ఆమె కూతురు చనిపోయిన సంగతి రెండు ఊళ్లకు తెలుసు. ఆమెకు తప్ప. ఆ చనిపోయిన మనిషి మాట మీద ఆమె కత్తి కిందికి పోతోంది.

ప్రమీలకు ఇచ్చిన మాట ఒకటి ఉంది. అంబులెన్సులో సరే అన్నాను. బతుకుతానని అనుకుని అడిగింది. నేనూ అదే అనుకుని సరే అన్నాను.

ఇంకొకటి కూడా రాయాలి. అత్త కోసం అని ఇన్నిరోజులూ రాశాను. ఆమె కోసం కాదు. ఆ ఫోను మోగినప్పుడల్లా ప్రమీలను ఒకరు పిలుస్తున్నారు. పలకడానికి నేను ఉన్నాను. అంతే.

సాయంత్రం సామ్సన్‌కు ఫోను చేసి, గాజులు తేవడం లేదు, వచ్చి చెప్పేస్తాను అన్నాను. మొదట అతనికి అర్థం కాలేదు. తరువాత అరిచాడు.

"నీకు పిచ్చి పట్టిందా బావా! అక్క పోయింది. అమ్మను గూడా సంపుతావా?"

"ఆమె ఆపరేషన్‌కు ఒప్పుకున్నది ప్రమీల మాట మీద రా. ప్రమీల లేదు. అది నా మాట."

"ఎవురి మాటైతే ఏం? బతకాల కదా!"

"బతకాలి. తెలిసి ఒప్పుకోవాలి."

"తెలిస్తే ఒప్పుకోదు. మంచం మీదనే కుల్లిపోతాది. అది నువ్వు సూసుకుంటావా? నీకేం, నువ్వు ఆదోనిలో ఉంటావు. ఎత్తేది, కడిగేది మేము." ఏడుస్తున్నాడు. "నువ్వు వస్తే వాకిలి తియ్యను. సెప్తాండా. తియ్యను."

అతను అన్నదాంట్లోనూ అబద్ధం లేదు. ఆమె గుండె ఆగిపోవచ్చు. ఆపరేషన్ వద్దనవచ్చు. నన్ను ఇంటి గడప తొక్కవద్దని అనవచ్చు. ఈ మూడింట్లో ఏది జరిగినా దానికి నేనే కారణం. కూర్చుని చాలాసేపు ఆలోచించాను. వేరే దారి కనపడలేదు.

గాజులు బీరువాలో పెట్టాను. ప్రమీల ఫోను ఆపేసి వాటి పక్కన పెట్టాను. ఆపేటప్పుడు తెర మీద ప్రమీల పేరు ఒకసారి వెలిగి పోయింది. బీరువా తాళం వేయలేదు.

సెలవు చీటీ హులిగమ్మకు ఇచ్చాను, మాదన్నకు అందించమని. అత్తను చూసుకోవడానికి ఎన్నాళ్లు ఉండాలో తెలియదు కాబట్టి తేదీ వేయలేదు. ఎత్తడం, కడగడం నాకూ చేతనవుతుంది.

రేపు పొద్దున మొదటి బస్సుకు ఎమ్మిగనూరు పోతాను. జేబులో చార్జీకి చిల్లర తప్ప ఏమీ పెట్టుకోను. సామ్సన్ వాకిలి తీయకపోతే తీసేదాకా అరుగు మీద కూర్చుంటాను. లోపలికి పోయి, ఆమె మంచం పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ప్రమీల చనిపోయిందని నా నోటితో చెబుతాను. ఫోనులో కొట్టింది నేనేనని చెబుతాను. ఆమె ఏడవడం అయ్యేదాకా అక్కడే ఉంటాను. తరువాత ఆపరేషన్ సంగతి ఆమెనే అడుగుతాను. పోతానంటే నేనే ఎత్తి బండిలో పడుకోబెడతాను. పోనంటే, బండిని నేనే వెనక్కి పంపిస్తాను.